ముళ్లకంచె ఊరి వాంగ్మూలం

ముప్పై రెండేళ్లు షామీర్‌పేటలో దస్తావేజులు రాశాను. రాశాననడం పెద్ద మాట. మా పనిలో కొత్తగా రాసేది చాలా తక్కువ. అమ్మేవారి పేరు, కొనేవారి పేరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు మార్చుకుంటే మిగతా కాగితమంతా మా ముందువాళ్లు రాసిపెట్టినదే. ఈ మధ్య ఈ పనిలోకి వచ్చిన కుర్రవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. వాళ్లకు కావలసింది దొంగ కాగితాలు పట్టుకోవడం ఎలాగో. అది ఇప్పుడు చాలావరకు కంప్యూటరే పట్టేస్తుంది. కంప్యూటరు పట్టలేని తప్పు నేనొకటి చేశాను. ఎవరూ అడగలేదు గానీ అదే చెబుతాను.

నాకు పని నేర్పిన పెద్దాయన ఉర్దూలో దస్తావేజులు రాసిన కాలం మనిషి. నేను చేరేనాటికి తెలుగులోకి మారారు. అయినా ప్రతి కాగితం చివర పెట్టే మాటను ముందు ఉర్దూలో పెదాల మీద అనుకుని, ఆ తర్వాతే తెలుగులో రాసేవారు. "బహోష్-ఒ-హవాస్, బిలా జబ్ర్-ఒ-ఇక్రాహ్." పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చిన కాగితం అని. "గీ ముక్క లేకుంటె అది కాగితమే కాదు బిడ్డా, పొట్లం కట్టుకోనీకె పనికొస్తది" అనేవారు. టైపు మిషన్ మీద ఆ వాక్యాన్ని నేను పక్కవాళ్లతో మాట్లాడుతూనే కొట్టేవాణ్ణి. కంప్యూటరు వచ్చాక ఆ శ్రమ కూడా తప్పింది. కొత్త కాగితం తెరిస్తే అడుగున ఆ వాక్యం ముందే ఉండేది.

రాసింది మొత్తం చదివి వినిపించాలన్నది నియమం. అలవాటు మాత్రం వేరు. మేము హద్దులు చదువుతాం. రైతు కూడా హద్దులే వింటాడు. తూర్పున ఎవరి పొలం, పడమర ఏ బాట అనే దగ్గర చెవి రిక్కిస్తాడు, మిగతాదంతా గాలికి పోతుంది. హద్దులయ్యాక స్టాంప్ ప్యాడ్ మూత తీసి ఎడమచేతి బొటనవేలు పట్టుకుంటాం. ఇందులో మోసమేమీ లేదు. అందరికీ తొందర, అంతే.

పదేళ్ల కిందట ఒక వేసవి ఉదయం, మేడ్చల్ కోర్టులో పనిచేసే నోటరీ వకీలు నా గదికి ఇద్దరు ఆడవాళ్లను పంపించాడు. ఆయనా నేనూ పాత స్నేహితులం. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదాలు కావలసినవాళ్లను నా దగ్గరకు పంపి, నేను తయారుచేసిన వాటికి ముద్ర వేయడానికి వారంలో రెండుసార్లు తనే వచ్చేవాడు. వచ్చినవాళ్లలో ఒకావిడ యాభైకి దగ్గరగా ఉంటుంది. గుండ్లపోచంపల్లిలో కొత్తగా వచ్చిన కాలనీలో ఇల్లు, సుచిత్ర దగ్గర బ్యాంకులో ఉద్యోగం. రెండో ఆవిడ ఆమె తల్లి. డెబ్బై అయిదు దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. వాళ్లది శ్రీకాకుళం వైపు.

కూతురు నా ముందు ఒక ఉత్తరం పెట్టింది. విదేశాల నుంచి లాయర్లు రాసినది. నేను ఇంగ్లీషు ఉత్తరాలు రెండుసార్లు చదువుతాను, ఒకసారి భాష కోసం, ఒకసారి విషయం కోసం. విషయం ఇది. ఇంగ్లీషువాళ్ల పాలనలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి మన తెలుగువాళ్లు ఎంతోమంది మలయా దేశానికి రబ్బరు తోటల్లో కూలికి వెళ్లారు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు అక్కడి అడవుల్లో తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి ఇంగ్లీషు సర్కారు తోటల చుట్టూ ఉన్న జనాన్ని, కూలీ కుటుంబాలను, ముళ్లకంచెలు వేసిన ఊళ్లలోకి తోలి కాపలా పెట్టింది. అప్పుడు పిల్లలుగా ఉండి ఇప్పుడు ముసలివాళ్లయినవారు కొందరు కలిసి, తమకు జరిగింది జరిగిందని ఆ సర్కారు ఒప్పుకోవాలని కోర్టుకు వెళ్తున్నారు. ఇండియాకు తిరిగి వచ్చేసినవాళ్ల వాంగ్మూలాలు కూడా కావాలి. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, నోటరీ ముద్రతో.

ఆ తిరుగుబాటును వాళ్లు యుద్ధం అనలేదట, ఎమర్జెన్సీ అన్నారట. యుద్ధం అంటే తోటల యజమానులకు బీమా అందదని అలా పేరు పెట్టారని ఉత్తరంలో ఒక ముక్క ఉంది. కాగితాల మీద బతికేవాణ్ణి గనుక, నిజం చెప్పొద్దూ, ఆ తెలివికి నాకు ముచ్చటేసింది.

"చెప్పండమ్మా, రాసుకుంటాను" అన్నాను.

"సెప్తాను బాబూ. ముందు ఒక మాట ఇనండి" అంది పెద్దావిడ. "ఆలు మమ్మల్ని ఏటి సేసినారో అదంతా రాయండి. నాను ఏటి సేసినానో అది కూడా ఉండాల. అది లేకపోతే నాను సంతకం పెట్టను."

కూతురు కిటికీ వైపు చూసింది. నేను తల ఊపాను. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా మొదట ఏదో ఒక షరతు పెడతారు, తర్వాత మరచిపోతారు.

ఆవిడ మాత్రం మరచిపోయే రకం కాదు. ఆవిడ చెప్పిన పద్ధతి చూస్తే నాకు అసూయ పుట్టింది. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో ఎన్నేళ్లుగానో మనసులో సర్దుకున్నట్టుంది. నేను అలవాటుకొద్దీ "ఆ ఊరి హద్దులు చెప్పండమ్మా" అన్నాను. అన్నాక నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు.

"తూర్పుకి కంచె. దచ్చినానికి కంచె, దాని ఎనకాల రబ్బరు సెట్లు. పడమటికీ కంచే. ఉత్తరానికి గేటు, గేటు మీద మిలట్రీ."

అలాగే రాశాను. తర్వాత ఆ లాయర్లకు అన్నిటికన్నా నచ్చిన పేరా అదేనని తెలిసింది.

గేటు దగ్గర రోజూ సోదా చేసేవారట. కూలికి వెళ్లేవాళ్లు మధ్యాహ్నానికి అన్నం పట్టుకెళ్లకూడదు, అడవిలోవాళ్లకు ఇస్తారని. గుక్కెడు టీ సీసా మాత్రం పట్టుకెళ్లనిచ్చేవారు. కొట్టువాడు పాలడబ్బా అమ్మితే అక్కడికక్కడే కన్నం పొడిచి ఇవ్వాలి, దాచిపెట్టుకోవడానికి లేకుండా. ఆడవాళ్ల జడలు విప్పించి చూసేవారు. ఆవిడ తల్లి చీర కుచ్చిళ్లలో గుప్పెడు బియ్యం దొరికాయని రోజంతా ఎండలో నిలబెట్టారు. ఇవన్నీ చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు. నేను కూడా పక్కింటి గోడ తగాదా రాసుకున్నంత తాపీగా రాసుకుంటూ పోయాను.

తర్వాత అసలు సంగతి వచ్చింది. అడవిలోవాళ్లు రోడ్డు మీద ఒక జీపును పేల్చారు. దానికి శిక్షగా ఊరంతటికీ కర్ఫ్యూ పెట్టారు. రోజుకు రెండు గంటలు తప్ప గడప దాటకూడదు. బియ్యం సగానికి తగ్గించారు. తొమ్మిదో రోజున ఇంటికో కాగితం పంచారు. అడవిలోవాళ్లకు తిండి ఎవరు చేరవేస్తున్నారో రాసి మరుసటి రోజు తాళం వేసిన పెట్టెలో వేయాలి. రాసినవాళ్ల పేరు అక్కర్లేదు. తోట గుమస్తా ఇంటింటికీ వచ్చి దొర మాటలను మన భాషలో చెప్పాడు.

ఆ వరసలో పన్నెండు ఇళ్లు. చదువు వచ్చినది తోట బడికి వెళ్లిన ఈ పిల్లకు ఒక్కతెకే. పదకొండేళ్లు. పన్నెండు ఇళ్ల కాగితాలూ ఈవిడే రాసింది.

"పదకొండు కాగితాల మీద 'మాకేటీ తెలవదు' అని రాసినాను. ఆలు అదే సెప్పినారు, నాను అదే రాసినాను. ఆకరికి మా కాగితం. మా అయ్య 'నీకు తోసింది రాసీ' అనీసి పడుకున్నాడు. జొరం."

"ఏం రాశారు?"

"పాల మావ పేరు."

పాల మావ అంటే వాళ్ల వరసలోనే చివరి ఇంట్లో ఆవును పెట్టుకున్న మనిషి. పిల్లలందరికీ మావే. దొర బంగళాకు పాలు పోసేవాడు గనుక పొద్దున్నే కంచె దాటి వెళ్లనిచ్చేవారు. ఆయన ఒకసారి చెట్ల మొదట్లో పాలక్యాను పెట్టి రావడం ఈ పిల్ల చూసింది. అది అడవిలోవాళ్ల కోసమా, తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకుందామనా, ఆవిడకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

"అందుకని రాసీనాననుకోకండి. కర్ఫీలో మా తమ్ముడు ఆకలికి ఒకటే ఏడుపు, ఏడాది గుంటడు. గలాసట్టుకుని ఎల్లి అడిగినాను. 'బంగళాకి తగ్గితే నన్ను సంపెత్తారే అమ్మా, నాను పొయ్యలేను' అన్నాడు. నాకు కోపం. ఆ కోపం తోటి రాసీసినాను."

కాగితాలు పెట్టెలో వేసిన నాలుగో రోజు కర్ఫ్యూ ఎత్తేశారు. అయిదో రోజు లారీలు వచ్చాయి. పాల మావను ఒక లారీలో, భార్యాపిల్లలను ఇంకో లారీలో ఎక్కించారు. పది నిమిషాలు టైమిచ్చారు. ఆవును అక్కడే వదిలేశారు. పితికేవాళ్లు లేక అది రెండు రోజులు అరిచింది. పితకడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, ఆ ఇంటితో తమకు సంబంధం ఉందంటారని. తర్వాత గుమస్తా తోలుకుపోయాడు. పాల మావ కుటుంబం ఏమైందో ఆ ఊళ్లో ఎవరికీ తెలియలేదు. నాలుగేళ్లకు పిల్లలను తీసుకుని ఈవిడ తల్లిదండ్రులు ఓడెక్కి తిరిగి వచ్చేశారు. తను పేరు రాసిన సంగతి ఆవిడ తండ్రికి చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు. లాయర్ల ఉత్తరం వచ్చాకే కూతురికి చెప్పింది.

మర్నాడు పొద్దున కూతురు బ్యాంకుకు వెళ్తూ ఒక్కతే వచ్చింది. కూర్చోలేదు.

"సార్, ఆ కాగితం రాసిన ముక్క తీసేయండి. లాయర్లు అడిగింది వాళ్లు మనకేం చేశారని. మనమేం చేశామని కాదు కదా."

"అమ్మగారు ఒప్పుకుంటారా?"

"అమ్మకు మీరు చదివి వినిపిస్తారు కదా, కాస్త చూసి చదవండి. ఇది రేపు ఇంటర్నెట్‌లో పెడతారు. పేరుతో సహా. మా అమ్మని ఇన్‌ఫార్మర్ అంటారు. పదకొండేళ్ల పిల్ల అని ఎవరూ ఆలోచించరు. నాకు మా అమ్మ గురించి భయంగా ఉందండి." కళ్లు తుడుచుకుంది.

నాకు ఆవిడ మాట సబబుగానే తోచింది. అప్పుడే కాదు, ఇప్పటికీ ఆవిడను నేను తప్పు పట్టను. తప్పు నాది. అక్కర్లేని మాట తీసేయడం మా పనిలో ఒక నేర్పు. అన్నదమ్ముల మధ్య ఇరవయ్యేళ్ల కొట్లాటను "కుటుంబ అవసరముల నిమిత్తము" అనే ఒక్క మాటతో ఎన్నిసార్లు కప్పలేదు నేను. ఆ మధ్యాహ్నమే కూర్చుని రెండు పేజీల వాంగ్మూలం రెండు భాషల్లోనూ తయారుచేశాను. కంచె, సోదా, కన్నం పొడిచిన డబ్బాలు, జడలు, ఎండ, కర్ఫ్యూ, కాగితాలు పంచడం, లారీ. పాల మావ పేరు ఎవరు రాశారన్నది లేదు. నునుపుగా వచ్చింది. నా అనువాదాల్లో మంచివాటిలో ఒకటనుకున్నాను కూడా.

శుక్రవారం సంతకాలు. నోటరీ వకీలు ముద్ర తెచ్చుకుని నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. బయట ప్లాటు రిజిస్ట్రేషన్ వాళ్లు బెంచీ మీద ఎదురుచూస్తున్నారు. తల్లీ కూతుళ్లు వచ్చారు. నేను హద్దులు చదివాను. తర్వాత సోదాల పేరా కొంచెం చదివాను. "ఇలాగే అంతా రాశానమ్మా" అని స్టాంప్ ప్యాడ్ మూత తీసి ఆవిడ ముందుకు జరిపాను.

ఇక్కడ మీరు నవ్వుకోవచ్చు. పన్నెండు ఇళ్ల కాగితాలు రాసిన మనిషి ఆవిడ. ఆ కథంతా నా చేతులతో నేనే రాసుకున్నాను. అయినా ముసలావిడ, పల్లెటూరి మాట, ముతక చీర కనిపించేసరికి నా చేయి దానంతటదే స్టాంప్ ప్యాడ్ మీదికి పోయింది.

ఆవిడ దాని వంక చూసి, నా వంక చూసి, సంచిలోంచి కళ్లజోడు తీసుకుంది.

"ఇలాగియ్యండి బాబూ."

వేలు పెట్టి ఒక్కొక్క వరసే చదవడం మొదలుపెట్టింది. వకీలు వాచీ చూసుకున్నాడు. బెంచీ మీది బ్రోకరు రెండుసార్లు తలుపులోంచి తొంగిచూశాడు. కూతురు ఒళ్లోని బ్యాగు పట్టీని వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. రెండో పేజీ మధ్యలో వేలు ఆగింది.

"కాగితాలు పంచినారు. పాల మావని తీసుకెల్లిపోయినారు. నడుమన నాను ఏదీ?"

నేను ఏదో అనబోయాను. కూతురే ముందు అంది. "నేనే తీసేయమన్నానమ్మా. సార్‌ది తప్పు లేదు."

"నీకు సిగ్గుగా ఉన్నాదా?"

"సిగ్గు కాదమ్మా. నిన్ను ఎవరైనా ఒక మాట అంటే నేను పడలేను. ఎవరడిగారు ఇప్పుడు? అరవై ఏళ్లు దాటింది."

"ఎవులూ అడగలేదే. అడిగితే ఎప్పుడో సెప్పీసుందును." ఆవిడ మళ్లీ చదవడంలో పడింది. పేజీ అడుగుకు వచ్చింది. అక్కడ ఇంకోసారి ఆగింది. ఈసారి చాలాసేపు. పెదాలు కదిపి మళ్లీ మొదటినుంచి చదువుకుంది. ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా, పూర్తి తెలివితో.

"ఈ ముక్క మీకు నాను సెప్పినానా?"

"లేదమ్మా. అది ప్రతి కాగితంలో ఉంటుంది. రివాజు."

"ఆ దొర కాగితం కింద కూడా ఇదే ఉన్నాది" అంది. "అచ్చేసి ఉన్నాది. గుమస్తా సదివి ఇనిపించినాడు. 'మీ ఇష్టం కొద్దీ రాయండి, ఎవులి బలవంతం లేదు. రాయకపోతే కర్ఫీ తియ్యం' అని. నాను పన్నెండు కాగితాల మీదా దాన్ని సదూకున్నాను బాబూ. మరిసిపోను."

నా సంగతి దాచకుండా చెబుతాను. నాకు చాలా సిగ్గేసింది. తీసేసిన పేరా గురించి అంత కాదు, అది కావాలని చేసిన పని, దిద్దుకోవచ్చు. ఈ వాక్యాన్ని నేను రాయనుకూడా లేదు. అది అక్కడ ఉందన్న సంగతే నాకు గుర్తులేదు. ఔటర్ రింగు రోడ్డు వచ్చే ముందు, వచ్చిన తర్వాత, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎంతమంది బొటనవేళ్లను ఆ వాక్యం కింద నొక్కించానో నాకే లెక్క తెలియదు. ఒక్కరినీ అడగలేదు, నిజమేనా అని.

"తీసేస్తానమ్మా" అన్నాను.

వకీలు కంగారుపడ్డాడు. "అన్నా, ఏం మాట్లాడుతున్నవే! గా లైను లేకుంటె నేనెట్ల ముద్ర ఏస్త? అక్కడ కోర్టుల గిది జబర్దస్తీగ రాయించిండ్రు అంటరు. అవ్వా, గిది ఫార్మాటు, గంతే. దాన్ని మనసుల వెట్టుకోకు."

పెద్దావిడ ఆయన మాట శ్రద్ధగా విన్నది. "తియ్యొద్దు బాబూ, ఉండనీండి. ఇప్పుడు అది నిజిమే. నన్నెవులూ బలవంతం సెయ్యలేదు, మా పిల్ల కూడాను. కానీ దాని పైన నాను రాసింది రాయండి. అది లేకుండా ఇదొక్కటే ఉంటే అబద్దమైపోద్ది."

కూతురు తల్లి చేయి పట్టుకుంది. "రాయండి సార్" అంది చివరికి. మనస్ఫూర్తిగా అన్నదని చెప్పను. అన్నది.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆవిడ చెప్పింది, నేను ఒక్క మాట మార్చకుండా కొట్టాను. తమ్ముడి ఆకలి, గ్లాసు, కోపం, పేరు. "క్యాను ఎందుకు పెట్టాడో నాకు తెలియదు, తెలిసినట్టు రాశాను" అనే వాక్యం కూడా ఆవిడదే. చివర పాల మావ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా చెప్పింది. బయట బ్రోకరు విసుక్కుంటూ ఎవరితోనో ఫోన్లో అరుస్తున్నాడు. కొత్త కాగితం అచ్చు తీసి, ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదివి వినిపించాను. ముప్పావు గంట పట్టింది. ఆవిడ తెలుగులో గుండ్రని అక్షరాలతో సంతకం చేసింది. ఇంగ్లీషు కాగితం కూడా అలాగే దిద్దాక వకీలు ముద్ర వేశాడు. వెళ్లేటప్పుడు నా భుజం తట్టి, "నీకు మంచి పంతులమ్మ దొరికింది పో" అని నవ్వాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు నాకు ఒక పిచ్చి పట్టింది. వేలిముద్ర వేయించే ముందు ఆ వాక్యం గట్టిగా చదివి, నిజమేనా అని అడిగేవాణ్ణి. చెరువు పక్క ఊరి నుంచి చేపలు పట్టే కుటుంబం ఒకటి వచ్చింది, ఉన్న కాస్త భూమి అమ్ముతున్నారు. ముసలావిడను అడిగాను, "అవ్వా, ఎవరన్న జబర్దస్తీ చేస్తున్నరా?" అని. ఆవిడ వెనక నిలబడ్డ ఇద్దరు కొడుకులను చూసింది, నన్ను చూసింది. "ఇగ గిప్పుడు అడుగుతున్నవా సారూ? మాటంత అయినంక" అంది. బొటనవేలు తనే ప్యాడ్ మీద పెట్టుకుంది. బ్రోకర్లు నన్ను చూసి మొహం చాటేయడం మొదలుపెట్టారు. "సార్‌కు జర సైతాన్ పట్టింది, పక్కగదికి పోదాం పాండ్రి" అనుకునేవారట. నేనేదో లోకాన్ని మార్చానని చెప్పడం లేదు. అడగడం వల్ల ఒక్క అమ్మకమూ ఆగలేదు. నా గదిలో కొంచెం ఎక్కువసేపు పట్టేది, అంతే.

ఏడాది పైన గడిచింది. ఒక శనివారం మధ్యాహ్నం తల్లీ కూతుళ్లు మళ్లీ వచ్చారు. కూతురి చేతిలో విప్పని కవరు ఉంది. ఆ కేసు లాయర్ల ద్వారా వచ్చింది. పంపినవారి పేరు కింద రాసిన పుట్టింటి ఇంటిపేరు చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ వాంగ్మూలంలో చివర టైపు చేసిన ఇంటిపేరు అదే.

"నాకు విప్పడానికి చేతులు రాలేదు సార్" అంది కూతురు. "అమ్మేమో రాసినాయనే చదవాలంది. తిట్లుంటే అలాగే చదవమంది."

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. పాల మావ చిన్న కూతురు చెప్పగా ఆమె మనవరాలు రాసినది. అలవాటు ప్రకారం రెండుసార్లు చదివి మొదలుపెడదామనుకున్నాను, కానీ ఇద్దరూ నా మొహాన్నే చూస్తున్నారు. ఒక్కొక్క వాక్యమే తెలుగులో చెప్పుకుంటూ పోయాను.

వాళ్లను వేరే కంచె ఊరికి తీసుకెళ్లారు. తండ్రి మూడేళ్లకు జైలు నుంచి తిరిగి వచ్చాడు. అడవిలోవాళ్లకు పాలు పోశాడా లేదా అన్నది చచ్చేదాకా చెప్పలేదు, ఆవు మాట మాత్రం ఎత్తేవాడు. తల్లికి తన సొంత తమ్ముడి మీద అనుమానం. లారీ రావడానికి నెల ముందు ఆవు దూడ విషయంలో బావకూ బావమరిదికీ మాటా మాటా పెరిగింది. వాడే పేరు రాసి ఉంటాడని ఆమె నమ్మింది. ఏళ్ల తర్వాత ఆ తమ్ముడు వెతుక్కుంటూ ఎన్నిసార్లు గుమ్మం దాకా వచ్చినా లోపలికి రానివ్వలేదు. అక్క కాళ్ల మీద పడి, పిల్లల మీద ఒట్టేసి, నేను రాయలేదన్నాడు. ఆమె తలుపు వేసుకుంది. ఆయన పోయినప్పుడు కడసారి చూపుకు కూడా వెళ్లలేదు. తర్వాత నాలుగేళ్లకు ఆమె కూడా పోయింది. "మీ వాంగ్మూలాన్ని లాయర్ల ఆఫీసులో మా అందరికీ చదివి వినిపించారు. క్షమించానని రాయడం నాకు చేతకాదు. ఒక చిన్నపిల్ల మీద కోపం కూడా తెచ్చుకోలేకపోతున్నాను. మా మేనమామ రాయలేదని మాత్రం ఇప్పుడు మాకు తెలిసింది. అది మీకు చెప్పాలనిపించింది."

నేను కాగితం కింద పెట్టాను. కూతురు మొహం కొంగులో దాచుకుంది.

పెద్దావిడ మాత్రం కదల్లేదు. "మావ బావమరిది తెలుసు నాకు" అంది. "మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండీవోడు. ఆలింటి కాగితం కూడా నానే రాసినాను. 'మాకేటీ తెలవదు' అని సెప్పి రాయించుకున్నాడు." ఉత్తరం మీద వేలు పెట్టింది. "ఇన్నేల్లూ ఇది నానొక్కదాన్నే మోత్తన్నాననుకున్నాను బాబూ. ఆడిసేత మోయించినాను."

"మీరప్పుడు పదకొండేళ్ల పిల్ల" అన్నాను. చప్పగా ఉంది, నాకే వినబుద్ధి కాలేదు. ఆవిడ విన్నట్టు కూడా లేదు.

"ఆడికి పిల్లలున్నారా? రాసినారా అందులో?"

మళ్లీ చూశాను. లేదు.

"ఉండే ఉంటారు. ఆలకి ఎవులు సెప్తారు, మీ అయ్య రాయలేదని?" కుర్చీ టేబులుకు దగ్గరగా లాక్కుంది. "ఒక తెల్ల కాగితం ఇయ్యండి."

కూతురు కళ్లు తుడుచుకుని, బ్యాగులోంచి పెన్ను తీసి, మూత విప్పింది. "చెప్పమ్మా, నేను రాస్తాను" అంది.

"నువ్వు కాదే. ఇలాగివ్వు."

ఆవిడ పెన్ను తీసుకుంది. ఫ్యాను గాలికి కాగితం లేస్తుంటే కూతురు రెండు చేతులతో దాన్ని అంచుల దగ్గర అదిమిపట్టుకుంది. తల్లి మొట్టమొదట ఆ బావమరిది పేరు రాసింది.